మెట్ల వాద్యాల వెంట ఢిల్లీలో రెండు శనివారాలు

ఉద్యోగరీత్యా ఢిల్లీకి వచ్చే మన సంస్థ సభ్యులు పని ముగిసిన సాయంకాలం ఎర్రకోటనో కుతుబ్ మినారునో చూసి, కరోల్‌బాగ్‌లో నాలుగు వస్తువులు కొనుక్కొని, మరునాడు తెలంగాణా ఎక్స్‌ప్రెస్ ఎక్కడం పరిపాటి. ఈ మహానగరంలో వాద్యాల వీధులు కూడా ఉన్నాయని, వాటి వెంట నడిస్తే సంగీతంతో పాటు కొంత విద్యుచ్ఛాస్త్రం కూడా వంటబడుతుందని చెప్పేవారు తక్కువ. ఆ కొరత తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

నోయిడాలోని మా కాలనీ తెలుగు సంఘానికి ఒక హార్మోనియం ఉన్నది. ముప్పయి మంది పిల్లలు వారానికి రెండు రోజులు దాని ముందు కూర్చుని సరళీ స్వరాలు, జంట వరుసలు నేర్చుకుంటారు. అది వృద్ధాప్యంలో పడి రెండు మూడు మెట్లు బొంగురుపోయినందున సంఘం వారు చందాలు పోగుచేసి 40 వేల రూపాయలు సిద్ధం చేశారు. అక్కడే చిక్కు వచ్చింది. ఎలక్ట్రానిక్ ఆర్గన్ కొందామని కొందరు, కీబోర్డు కొందామని కొందరు, రెండూ ఒకటే కదా అని మిగిలినవారు. తేల్చుకొని రమ్మని మా ముగ్గురినీ నియమించారు. మేము ముగ్గురమంటే, పిల్లలకు ఇరవై ఏళ్ళుగా సంగీతం చెబుతున్న టీచరుగారు, లెక్కల శాఖకు చెందిన మిత్రులు ఒకరు, సంగీతం వినడమే తప్ప పాడడం రాని ఇంజనీరు ఒకరు.

టీచరుగారు బయలుదేరే ముందే షరతు పెట్టారు. “ఎన్ని పాటలు వాయిస్తుందో నాకు అక్కరలేదండీ. దాని గాంధారం విని పిల్లలు పాడతారు. ఆ గాంధారం సరిగా లేకపోతే వాళ్ళ చెవి అక్కడే స్థిరపడిపోతుంది. పదేళ్ళకు కుదిరిన చెవిని ఇరవయ్యో ఏట దిద్దడం నా వల్ల కాదు.” మా ప్రయాణం మొత్తానికీ ఈ మాటే కొలబద్ద అయినది.

మొదటి శనివారం నోయిడా నుంచి నీలి మార్గపు మెట్రోలో మండీ హౌస్ దాకా, అక్కడ ఊదా మార్గం పట్టుకొని ఢిల్లీ గేట్ దాకా వెళ్ళాము. 2017లో ఈ స్టేషను తెరిచిన తరువాత దర్యాగంజ్‌కు పోవడం ఎంతో సులువైనది. నేతాజీ సుభాష్ మార్గం మీద ప్రచురణకర్తల కార్యాలయాల నడుమ వాద్యాల దుకాణాలు కనిపిస్తాయి. వీటిలో కొన్నింటి పేర్లలో ఇప్పటికీ లాహోరు వినిపిస్తుంది. దేశవిభజన నాడు వాద్యాలతో, వాద్యవిద్యతో తరలివచ్చిన కుటుంబాల గుర్తు అది. కన్నాట్ ప్లేస్‌లోని రిఖీరామ్ వారి దుకాణం కూడా 1920లో లాహోరులో మొదలైనదే. 1966లో బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ ఢిల్లీలో ఆగినప్పుడు సితారు కొన్నది వారి వద్దనే.

మేము ప్రవేశించిన దుకాణంలో మూడు జాతుల వాద్యాలు పక్కపక్కన ఉన్నాయి. దుకాణదారు పంజాబీ పెద్దమనిషి, ఓపికపరుడు. మా టీచరుగారిని ‘బెహన్‌జీ’ అని సంబోధిస్తూ కుర్చీ వేయించి, ఒక్కొక్క దానినే మీటి చూపమని కుర్రవానికి పురమాయించారు.

తేడా ఆ కొద్ది నిమిషాలలోనే చెవికి తెలిసింది. డిజిటల్ పియానో మెట్టును గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికింది. వేలు అలాగే ఉంచినా ధ్వని క్రమంగా ఆరిపోయింది. ఆర్గన్ స్వరం మాత్రం వేలు ఉన్నంతసేపు ఒకే తీరున నిలిచింది, వేలు తీయగానే ఆగింది. ఎంత బలంగా నొక్కినా బిగ్గరగా పలకలేదు. మన ఇళ్ళలో దీపపు స్విచ్చును గట్టిగా వేస్తే దీపం ఎక్కువగా వెలగదు కదా, అలాగే. ఇక కీబోర్డు అనబడే మూడవది బహురూపి. దానిలో ఆర్గన్ వేషం ఉన్నది, పియానో వేషం ఉన్నది, వేణువు, వయొలిన్, సితారు వేషాలు కూడా ఉన్నాయి. వేషాల సంఖ్య వందలలో ఉంటుంది. దుకాణాలలో అమ్మకం ఈ సంఖ్య మీదనే సాగుతుందని గమనించాము. మా లెక్కల మిత్రులు సహజంగానే ఒక్కొక్క స్వరానికి ఎంత ధర పడుతుందో భాగహారం చేయసాగారు.

ఈ వేషాల వెనుక ఉన్న చరిత్ర మన వృత్తికి చాలా దగ్గరిది. అమెరికాలో గడియారాలు తయారుచేసే లారెన్స్ హామండ్ అనే ఆయన 1934లో ఒక ఆర్గన్‌కు పేటెంటు పొంది, 1935లో దానిని విపణిలోకి తెచ్చాడు. గాలిగొట్టాలు లేవు, రేడియో వాల్వులతో స్వరం పుట్టించడమూ లేదు. ఒక సింక్రనస్ మోటారు, దానికి పళ్ళచక్రాల ద్వారా తగిలించిన ఇనుప బిళ్ళలు, ప్రతి బిళ్ళ పక్కన తీగచుట్టిన ఒక అయస్కాంతం. అంచు ఎగుడుదిగుడుగా ఉన్న బిళ్ళ తిరుగుతుంటే తీగచుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. అదే స్వరం. 1954లో వచ్చిన బి-3 అనే ప్రసిద్ధ నమూనాలో ఇటువంటి బిళ్ళలు 91. అంటే దానిని 91 చిన్న జనరేటర్ల పవర్‌హౌస్ అనవచ్చును.

ఇక్కడ విద్యుత్ రంగం వారికి ఒక సరదా లెక్క. మోటారు సింక్రనస్ కాబట్టి దాని వేగం గ్రిడ్ ఫ్రీక్వెన్సీని అనుసరిస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే శ్రుతి తగ్గుతుంది. 1990లలో ఉత్తర గ్రిడ్ 48.5 హెర్ట్జ్‌కు దిగిన రోజులు మన తరం వారికి జ్ఞాపకమే. 50 హెర్ట్జ్‌కు అమర్చిన హామండ్ ఆర్గన్ ఆ రోజు ఢిల్లీలో వాయిస్తే, స్వరం స్వరానికీ మధ్య ఉండే అరమెట్టులో దాదాపు సగం మేర శ్రుతి జారిపోయి ఉండేది. అంతదూరం జారిన శ్రుతితో గాయకుడు పాడవచ్చునేమో గాని, పక్కన వేణువు వాయించేవాడు మాత్రం లేచిపోతాడు. నేడు గ్రిడ్ నియమావళి నిర్దేశించిన పరిధి 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. ఈ పరిధిలో శ్రుతి మార్పు అరమెట్టులో నూటికి మూడున్నర వంతులు మించదు, చెవికి అందదు. మన లోడ్ డిస్పాచ్ కేంద్రాల వారు తమకు తెలియకుండానే సంగీత సేవ కూడా చేస్తున్నారన్న మాట.

హామండ్ ఆర్గన్‌లో మరొక విశేషం లాగుడు కమ్మీలు. వీటిని డ్రాబార్లంటారు. ఒక్కొక్క వరుసకు తొమ్మిది. ప్రతి కమ్మీని సున్నా నుంచి ఎనిమిది అంకెల దాకా బయటికి లాగవచ్చును. వాటి మీద 16, 8, 4, 2 అని అడుగుల కొలతలు ఉంటాయి. పాత చర్చి ఆర్గన్ గొట్టాల పొడవుల నుంచి మిగిలిపోయిన అలవాటు అది. ప్రాథమిక స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల కంపనాలు గల ఉపస్వరాలను ఏ పాలులో కలపాలో ఈ కమ్మీలు నిర్ణయిస్తాయి. వంటలో పోపుపెట్టె వంటివి. దుకాణంలో ఉన్న ఒక ఖరీదైన వాద్యంలో ఈ కమ్మీలు ఉన్నాయి. కుర్రవాడు 8 అడుగుల కమ్మీ ఒక్కటే లాగితే ధ్వని పిల్లనగ్రోవి వలె నునుపుగా వచ్చింది. పైవి కలిపిన కొద్దీ పదునెక్కింది.

టీచరుగారు చేతిసంచిలో నుంచి తమ ఎలక్ట్రానిక్ తంబురా తీసి జి శ్రుతికి పెట్టారు. దానిని గురించి ఒక మాట. ప్రభుత్వరంగ సంస్థ అయిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో ఇంజనీరుగా పనిచేసిన, స్వయంగా వేణువాదకులైన జి. రాజ్ నారాయణ్ గారు 1970ల చివర బెంగుళూరులో ఇటువంటి తంబురాను రూపొందించారు. నేడు కచేరీ వేదికల మీద కనిపించే ఆ చిన్న పెట్టె వెనుక మనవంటి సంస్థలో పనిచేసిన ఇంజనీరు ఒకరు ఉన్నారన్నది మనం గర్వించదగిన సంగతి.

తంబురా మోగుతూ ఉండగా ఆర్గన్‌లో అదే షడ్జమాన్ని నొక్కించారు. మొదట రెండూ కలిసినట్లే ఉన్నాయి. 1 3/5 అడుగులు అని రాసిన కమ్మీని లాగగానే ధ్వనిలో ఒక వణుకు మొదలైనది. టీచరుగారు వెంటనే చేయి ఎత్తారు.

ఆ వణుకు ఊహ కాదు, లెక్కకు దొరికేదే. తంబురా తీగ మీటితే షడ్జమంతో పాటు దాని అయిదింతల కంపనాలు గల ఉపస్వరం కూడా పుడుతుంది. ఎవరూ వాయించకుండానే వినిపించే ఈ స్వరాన్ని మన పెద్దలు స్వయంభూ గాంధారమన్నారు. షడ్జమం 196 హెర్ట్జ్ అయితే అది 980 హెర్ట్జ్. హామండ్ పద్ధతిలో మాత్రం ఆ కమ్మీకి ప్రత్యేకంగా బిళ్ళ లేదు. పైస్థాయిలోని గాంధారపు మెట్టుకు పెట్టిన బిళ్ళనే అరువు తెచ్చుకుంటుంది. ఆ మెట్టు సమవిభజన పద్ధతిలో, అంటే స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన లెక్కలో, 988 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. రెండింటికీ తేడా ఎనిమిది. కనుక సెకనుకు ఎనిమిది సార్లు ధ్వని పెరిగి తరుగుతుంది. ఆ కమ్మీని లోపలికి తోసేయగానే వణుకు పోయింది. తొమ్మిదింటిలో ఒక్క కమ్మీ ఆపితే చాలు, ఆర్గన్ మన తంబురాకు తోడు కూర్చోగలదు. ఈ సంగతి ఏ కరపత్రంలోనూ మాకు కనబడలేదు.

అయితే షడ్జమం ఒక్కటే నొక్కినంతవరకే ఈ ఉపాయం. గాంధారపు మెట్టునే నొక్కితే మళ్ళీ అదే తగువు. ఇంగ్లండుకు చెందిన అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో అరమెట్టును నూరు భాగాలు చేసి ఒక్కొక్క దానికి సెంటు అని పేరు పెట్టాడు. ఆ కొలతలో సమవిభజన గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబురాలో పుట్టే గాంధారం 386 సెంట్ల దూరంలో ఉంటుంది. పద్నాలుగు సెంట్లు. అరవై ఆమడల దూరం ఏమీ కాదు, కాని శంకరాభరణం పాడే పిల్ల గొంతుకు ఆ పద్నాలుగు సెంట్లే పరీక్ష.

దర్యాగంజ్ నుంచి జామా మసీదు మీదుగా రిక్షాలో నయీ సడక్ చేరాము. పాఠ్యపుస్తకాలకు ప్రసిద్ధి చెందిన ఈ ఇరుకు వీధిలో హార్మోనియాలు, తబలాలు అమ్మేవారూ ఉన్నారు. ఒక మేడ మెట్ల కింద, బల్ల మీద విప్పిన హార్మోనియం ముందు కూర్చున్న వృద్ధ కారిగరు ఒకరు ఇత్తడి రీడ్లను ఆకురాయితో రాస్తున్నారు. రీడు కొన దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీస్తే తగ్గుతుంది. రెండు గీతలు గీసి, తిత్తి ఊది, విని, మళ్ళీ గీయడం. ఆయన ముందు శ్రుతిమాపక యంత్రం లేదు. టీచరుగారు హిందీలో, “గాంధారం కొంచెం దిగువకు పెడతారా?” అని అడిగితే ఆయన తల ఎత్తి, “ఏ షడ్జమానికి చెప్పండి, ఆ షడ్జమానికే పెడతాను, మరో షడ్జమానికి మాత్రం అది పనికిరాదు” అన్నారు. ఇంజనీరింగు కళాశాలలో మూడు తరగతులు తీసుకొని చెప్పవలసిన సంగతిని ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. శుద్ధశ్రుతి ఒక షడ్జమానికి కట్టుబడి ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టినా పనికిరావాలంటే అన్ని స్వరాలూ కొద్దికొద్దిగా రాజీపడాలి. ఆ రాజీ పేరే సమవిభజన.

హార్మోనియం మనకు పరాయి వస్తువే. 1840లలో పారిస్‌లో దెబాన్ అనే ఆయన పేటెంటు పొందినది, పంతొమ్మిదవ శతాబ్ది చివర కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతిలో నేల మీద కూర్చుని వాయించే పెట్టె అయినది. తరువాత అది మన పద్యనాటకానికి ప్రాణమైపోయినది. తెలుగువారు రాగం తీసి పద్యం ఎత్తుకున్న చోటల్లా పక్కన అదే. అయినా ఢిల్లీలోనే దానికి మూడు దశాబ్దాల దేశబహిష్కారం జరిగినదన్న విషయం మన పిల్లలకు తెలియదు.

ఆ కథ కోసం రెండవ శనివారం పటేల్ చౌక్ స్టేషనులో దిగి సంసద్ మార్గంలోని ఆకాశవాణి భవనం ముందుకు వెళ్ళాము. ఒకప్పుడు ఢిల్లీ నుంచి వెలువడే తెలుగు వార్తల కోసం, పన్యాల రంగనాథరావుగారి కంఠం కోసం మన పెద్దలు రేడియో ముందు చేరేవారు. ఇక అసలు సంగతి. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నడిపిన జాన్ ఫౌల్డ్స్ అనే ఆంగ్ల స్వరకర్త 1938లో హార్మోనియాన్ని తీవ్రంగా నిరసిస్తూ వ్యాసం రాశాడు. రవీంద్రనాథ ఠాకూరుకు కూడా ఆ వాద్యం గిట్టదు. 1940 మార్చి 1వ తేదీ నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించినది. 1971లో గాని షరతులతో సడలించలేదు. ఐరోపా నుంచి వచ్చిన పెట్టె మన సంగీతాన్ని చెడగొడుతున్నదని ఐరోపావాడే వాదించడం విచిత్రం.

నేరారోపణలు రెండు. ఒకటి, సమవిభజన శ్రుతి. రెండవది, గమకం పలకకపోవడం. మొదటిదానికి ఆకురాయి ఉన్నది. రెండవదానికి హార్మోనియం వద్ద సమాధానం లేదు. మన భాషలో వీణకూ మెట్లే, హార్మోనియానికీ మెట్లే. కాని వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి ఒకే మెట్టులో రెండు మూడు స్వరాలు పలికించవచ్చును. హార్మోనియం మెట్టు నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది, అంతే. ద్రాక్షారామంలో 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారు ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపారు. ఆయన వీణ విన్నవారికి ఒక్క మెట్టు మీద ఎంత దారి నడవవచ్చునో తెలుసు. నిషేధం అమలులో ఉన్న సంస్థలోనే, ఏ లోపానికి నిషేధించారో ఆ లోపం లేని మెట్ల వాద్యాన్ని మన తెలుగు విద్వాంసుడు వాయించడం మాకు తలచుకున్నప్పుడల్లా ముచ్చటగా ఉంటుంది. నిషేధం మాత్రం, మా అభిప్రాయంలో, అతి. దోషం ఉన్న పనిముట్టును దోషం తెలిసి వాడుకోవడం మనుషులకు చేతనైన పనే.

అక్కడి నుంచి గోల్ డాక్‌ఖానా దాకా నడిచి సేక్రెడ్ హార్ట్ కెథెడ్రల్‌లో కొద్దిసేపు కూర్చున్నాము. రాష్ట్రపతి భవనానికి సమీపంలో 1931లో ప్రతిష్ఠించిన రిడెంప్షన్ కెథెడ్రల్‌కూ దీనికీ వాస్తుశిల్పి ఒకరే, హెన్రీ మెడ్. ఎత్తైన కప్పు కింద ఇద్దరు ముగ్గురు యువకులు పాట అభ్యాసం చేస్తున్నారు. పాడిన మాట ఆగిన తరువాత కూడా గాలిలో కాసేపు నిలిచి ఆరింది. చర్చి ఆర్గన్ స్వరం వేలు తీయగానే తెగిపోయినా వినేవారికి మొరటుగా తోచదు, తోకను గోడలు చేరుస్తాయి. అదే ఆర్గన్ స్వరాన్ని మా కాలనీలోని పది అడుగుల సంగీతపు గదిలో, తివాచీ మీద వినిపిస్తే పొడిగా, కత్తిరించినట్లు ఉంటుంది. ఆ తోకను వాద్యంలోనే కృత్రిమంగా కలపాలి. కీబోర్డులలో రివర్బ్ అనే మీట చేసే పని ఇదే. దుకాణదారులు దానిని ఎప్పుడూ ఎక్కువగానే పెట్టి వినిపిస్తారు. కొనేవారు ముందుగా దానిని సున్నాకు దించి వినడం క్షేమం. తడిసిన చీర రంగు చూసి కొనకూడదని మా అమ్మమ్మలు చెప్పేవారు.

మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌లో భోజనం. ఆ వరుసను గురించి, ఆ పప్పును గురించి ఈ పత్రికలో వేరే వారు రాయగలరు. చేతులు కడుక్కొని తిరిగి దర్యాగంజ్‌కే వెళ్ళాము, ఈసారి నిర్ణయానికి.

స్వరాన్ని దిద్దుకోవడమన్నది అక్కడ అసలు పరీక్షకు వచ్చింది. ప్రతి ధ్వనికీ నాలుగు దశలున్నాయి. ఎత్తుగడ, దిగుదల, నిలకడ, విడుపు. తబలాకు ఎత్తుగడ తక్షణం, నిలకడ లేదు. వయొలిన్‌కు ఎత్తుగడ నిదానం, నిలకడ కమాను ఉన్నంతసేపు. 1960లలో రాబర్ట్ మూగ్ సింథసైజరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ విభజన నేటి సామాన్య కీబోర్డులో కూడా మూలన ఎక్కడో దాగి ఉంటుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుగొన్న పద్ధతితో 1983లో వచ్చిన యమహా డి.ఎక్స్.7 వంటి యంత్రాలు స్వరాన్ని సమీకరణాలతో పుట్టించాయి. నేడు దుకాణాలలో కనిపించే కీబోర్డులలో అధికభాగం అసలు వాద్యాల ధ్వనిని ముక్కలుగా రికార్డు చేసి దాచుకున్నవి. సితారు మీట నొక్కితే వినిపించేది ఎవరో విద్వాంసుడు ఎప్పుడో మీటిన సితారే. కనుక మొదటి క్షణం అద్భుతంగా ఉంటుంది. ఆ తరువాత స్వరాన్ని వంచబోతే తెలుస్తుంది అసలు సంగతి.

వంచడానికి ఎడమవైపున ఒక చక్రం ఉంటుంది. కుడిచేతితో మెట్టు నొక్కి ఎడమచేతితో చక్రాన్ని తిప్పితే స్వరం పైకీ కిందికీ జారుతుంది. మద్రాసులో కె. సత్యనారాయణన్ గారు చిన్ననాటి నుంచే కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేయగలిగినది ఇటువంటి సదుపాయంతోనే. హార్మోనియం మీద మోపిన రెండవ నేరానికి సమాధానం ఈ చక్రం. మన సినిమా సంగీతం ఈ మాయను ముందే కనిపెట్టినది. 1954 నాటి ‘నాగిన్’ చిత్రంలో దేశమంతటినీ ఊగించిన నాగస్వరం నిజమైన పాములవాని బూర కాదు. క్లేవియొలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించినది.

టీచరుగారు సితారు, వీణ వేషాలను పక్కన పెట్టించారు. వాటిలో మీటు దెబ్బ ముందే అచ్చయి ఉన్నందున స్వరస్వరానికీ టంగుమంటున్నది. వేణువు ధ్వని తీసుకొని, ఎత్తుగడను కొద్దిగా నిదానింపజేసి, ఒకసారికి ఒకే స్వరం పలికే ఏర్పాటులో పెట్టి, చక్రం పరిధిని రెండు అరమెట్లకు ఉంచి, రిషభం నొక్కి చక్రంతో గాంధారాన్ని తాకారు. మొదట పిల్లి అరిచినట్లున్నది. పది నిమిషాలకు మోహన రాగపు ఛాయ కనిపించినది. తోడి మాత్రం వద్దన్నారు. “తోడి గాంధారం ఎక్కడుందని పిల్లలు అడిగితే ఏ మెట్టు చూపించనండీ? అది గొంతుతోనే చెబుతాను.” ఆ మాటతో వాద్యం హద్దు ఎక్కడో తేలిపోయినది.

మిగిలినది మొదటి నేరం, గాంధారం. కొన్ని కీబోర్డులలో స్కేల్ ట్యూనింగ్ అనే సదుపాయం ఉన్నది. అరబ్బు దేశాల సంగీతకారుల అవసరానికి ప్రచారంలోకి వచ్చినది మనకూ అక్కరకు వస్తుంది. పన్నెండు స్వరాలలో ఏ స్వరాన్నైనా సెంట్లలో ఎక్కించవచ్చును, దించవచ్చును. నయీ సడక్ వృద్ధుని ఆకురాయే ఇక్కడ అంకె అయినది. వందల వేషాలున్న ఒక వాద్యంలో ఈ సదుపాయం లేదు. వేషాలు తక్కువ ఉన్న మరొకదానిలో ఉన్నది. ఇక్కడ మా లెక్కల మిత్రులకూ టీచరుగారికీ కొంత వాదం జరిగినది. ఉగాదికీ సంక్రాంతికీ కాలనీ వేదిక మీద సినిమా పాటలకు తాళవాద్యాల తోడు దానంతట అదే వచ్చే వాద్యం కావాలని ఆయన కోరిక. చందా ఇచ్చినవారిలో సగం మంది ఆశ అదేనన్నది నిజం కూడా. టీచరుగారు వాదించలేదు. తంబురా పెట్టి, రెండు వాద్యాల మీదా ఒకే గాంధారాన్ని వరుసగా నొక్కి, రెండింటితోనూ పాడి ఊరుకున్నారు. మొదటిదానితో గొంతు ఎక్కడ నిలవాలో తెలియక తడబడినది. పద్నాలుగు సెంట్లు దించిన రెండవదానితో నిలిచినది. ఆయన సంగీతం తెలియనివారు, అయినా తేడా వినిపించినదని ఒప్పుకున్నారు. “అయితే ఆడిట్ అభ్యంతరం లేదు” అన్నారు.

కొన్న వాద్యం ఏ కంపెనీదో ఇంటి పత్రికలో చెప్పడం మర్యాద కాదు. కొనదలచినవారికి పనికివచ్చే వివరం ఇది. జి మీద, అంటే పిల్లలు పాడే అయిదు శ్రుతి మీద శంకరాభరణానికి మేము పెట్టిన అంకెలు: చతుశ్రుతి రిషభం 4 సెంట్లు ఎక్కువ, అంతర గాంధారం 14 తక్కువ, శుద్ధ మధ్యమం 2 తక్కువ, పంచమం 2 ఎక్కువ, చతుశ్రుతి ధైవతం 16 తక్కువ, కాకలి నిషాదం 12 తక్కువ. షడ్జమం మార్చితే ఈ పట్టికంతా దానితో పాటు జరగాలి. కొన్ని వాద్యాలలో కరెంటు తీయగానే ఈ అంకెలు చెరిగిపోతాయి. కనుక జ్ఞాపకంలో దాచే మీట ఉన్నదో లేదో దుకాణంలోనే ఆపి, మళ్ళీ వేసి చూడాలి. శ్రుతికి నిలిచే ఆర్గన్ ధ్వని, అభ్యాసానికి వేణువు ధ్వని, ఈ రెండే పిల్లలకు తెరిచి ఉంచాము. పండుగలకు మిగిలినవి మా మిత్రుల అధీనంలో ఉన్నాయి.

పాత హార్మోనియాన్ని నయీ సడక్ కారిగరుకే అప్పగించాము. మూడు వారాలకు అది జి శ్రుతికి కుదిరిన గాంధారంతో తిరిగి వచ్చినది. ఏకాదశి భజనలకు ఇప్పుడు అదే. కీబోర్డుకు 34,000, హార్మోనియం మరమ్మతుకు 3,600, స్టాండుకు 1,250 రూపాయలు ఖర్చయినవి. మిగిలిన 1,150 రూపాయలు సంఘం ఖాతాలో జమచేశాము. మెట్రో, రిక్షా, భోజనాల ఖర్చు మేము ముగ్గురమూ పంచుకున్నాము. రసీదులు సంఘం కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చును.